నాలుగో నంబరు కాలికి ఏడో నంబరు బూటు

ఈరోజు మా కంపెనీలో డైవర్సిటీ డే, అంటే మా దగ్గర రకరకాల మనుషులు పనిచేస్తా ఉన్నారని గొప్పగా చేసుకునే రోజు. పొద్దున టీ టైముకి కేక్ కోశారు, లైన్లో ఉన్న ఆడపిల్లలందర్నీ ఫ్లెక్సీ ముందర నిలబెట్టి ఫొటోలు తీశారు. గంట తిరక్కముందే నాగలాపురం నుంచి కొత్తగా చేరిన పిల్ల ట్రాలీ పక్కన బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. మేనేజరొచ్చి "చూసుకుని నడవలేవా పాపా?" అన్నాడు. ఆ పిల్ల తలొంచుకుని నిలబడింది, నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా మండతానే ఉంది, అందుకే రాస్తా ఉన్నా.

ఆ పిల్లది నాలుగో నంబరు కాలు. మా స్టోర్లో సేఫ్టీ షూ ఏడు నుంచే మొదలు. ముందర కర్చీఫ్ కుక్కి, లేసు మడమ చుట్టూ తిప్పి కట్టుకుని షిఫ్టంతా తిరగతా ఉంది. గ్లౌజులూ అంతే. వేళ్ళ కొసలు వేలాడతా ఉంటాయి, టేపు చుట్టుకుని ఆ చేతుల్తోనే సన్న స్క్రూలు బిగించాలి. స్క్రూడ్రైవర్ జారి బోర్డు మీద గీత పడిందా, రిజెక్ట్. సాయంత్రం క్వాలిటీ మీటింగులో "ఆడపిల్లలకి శ్రద్ధ లేదు" అంటారు. శ్రద్ధ లేనిది ఆ సైజులు ఆర్డర్ పెట్టినోళ్ళకి! పర్చేజ్‌లో కూర్చున్నది మొత్తం మగోళ్ళే, ఏడు కంటే చిన్న కాలు ఉంటుందని ఒక్కరికీ తట్టలా. అక్కడ ఒక్క ఆడమనిషి ఉంటే మొదటి ఆర్డర్ పట్టీలోనే రాసుండేది. రకరకాల మనుషులుంటే కంపెనీకి ఏం లాభం అని అడిగేవాళ్ళు ఒకసారి మా రిజెక్ట్ బిన్నులోకి తొంగి చూడండి, ఎంత డబ్బు పోతా ఉందో అక్కడ కనిపిస్తుంది.

లాభం నేను కళ్ళారా చూశా కూడా. కెమికల్ డబ్బాల మీద అంతా ఇంగ్లీషే. ఒడిశా నుంచి వచ్చిన పిల్లోళ్ళు డబ్బా రంగు చూసి గుర్తుపెట్టుకునేవాళ్ళు. సప్లయర్ రంగు మార్చగానే ఒకదాని బదులు ఇంకోటి పోసేశారు. ఆ తర్వాత వాళ్ళలోనే ఒకడు ఒడియాలో, సత్యవేడు అక్క ఒకామె తెలుగులో, తమిళంలో పేర్లు రాసి అంటించారు. ఆ తప్పు మళ్ళీ జరగలా. ఏ మేనేజరూ చెప్పింది కాదది. పైనుంచి ఒక్క మంచి మాట రాకపోగా, డబ్బాలకి కాగితాలు అంటించొద్దని మెయిల్ వచ్చింది. ఎక్కడెక్కడి మనుషుల్నో తెచ్చి షెడ్డు నింపుతారు, చెల్లేది మాత్రం ఆ ఏసీ రూంలో ఉన్న నలుగురి మాటే.

ఇంతమంది ఆడపిల్లల్ని ఎందుకు తీసుకున్నారంటే మా మీద గౌరవంతో అనుకునేరు. వేళ్ళు సన్నం, ఎదురు మాట్లాడరు. హెచ్ఆర్ నోటితోనే విన్నా.

అసలు నా కడుపుమంట ఇప్పటిది కాదు. పోయిన ఏడాది మా చెల్లెలు ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకి పోయింది. తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల. ఆడపిల్లల కోసమే 1983లో యూనివర్సిటీ పెట్టుకున్న ఊరు మనది. చదువు గురించి రెండంటే రెండు ప్రశ్నలు అడిగారు. మిగతాదంతా పెళ్ళెప్పుడు, సంబంధాలు చూస్తున్నారా, పెళ్ళయ్యాక పని చేయనిస్తారా! దాని పక్కన కూర్చున్న అబ్బాయిని ఇందులో ఒక్కటీ అడగలా. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని 1976లోనే చట్టం వచ్చింది. శ్రీపెరుంబుదూరు ఐఫోన్ల ఫ్యాక్టరీలో పెళ్ళైన ఆడవాళ్ళని పక్కన పెడతా ఉన్నారని 2024లో వార్తలొస్తే, కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. అదేమన్నా దూరమా, మన పక్కనే కదా. అయినా ఇక్కడ ఎవరికీ భయం లేదు.

గట్టిగా అడిగితే వీళ్ళు చెప్పేది ఒకటే, ప్రసూతి సెలవు. 2017లో 12 వారాలు కాస్తా 26 వారాలైందట, అన్నాళ్ళు కూర్చోబెట్టి జీతం ఇవ్వలేరట. నెలకి 21 వేల లోపు జీతమున్న మాలాంటోళ్ళకి ఆ డబ్బులిచ్చేది ఈఎస్ఐ, అంటే చిన్న జీతగాళ్ళకి గవర్నమెంటు నడిపే బీమా, కంపెనీ కాదు. ఈఎస్ఐకి కంపెనీ కట్టేది 3.25 శాతం, మా జీతంలో కోసేది 0.75 శాతం. మగోళ్ళకైనా ఆడోళ్ళకైనా, పెళ్ళైనా కాకపోయినా అంతే, ఒక్క రూపాయి తేడా రాదు. మా చెల్లెలికి చెప్పిన ఉద్యోగం కూడా ఆ జీతం లోపలిదే. నెలనెలా ఆ చలానా కట్టే హెచ్ఆర్‌కి ఈ లెక్క తెలీదా? బాగా తెలుసు. తెలిసే సెలవు సాకు చెప్పి మా చెల్లెల్ని వెనక్కి పంపించారు.