అలామోలో ఎస్పార్సా కుటుంబం
మెక్సికో నుంచి విడిపోవడానికి టెక్సాస్ చేసిన స్వాతంత్య్ర పోరాటం మీద మీరు రాసిన వ్యాసం చదివాను. ఆ చరిత్ర మీద జనానికి ఇంత ఆసక్తి ఉండటానికి ఇళ్లలో చెప్పుకునే తాతముత్తాతల కథలే కారణమని అందులో రాశారు, అది నిజమే, మేం శాన్ ఆంటోనియోలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దాయన తన ముత్తాత తండ్రి 1836లో టెక్సాస్ గెలిచిన శాన్ జసింటో యుద్ధంలో పోరాడాడని పాత కాగితాలు తీసి మరీ చూపించేవారు. కానీ ఆ వారసత్వమంతా బయటినుంచి వచ్చిన తెల్లవాళ్లదే అన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. అదే ఏడాది శాన్ ఆంటోనియోలోని అలామో కోటను మెక్సికో సైన్యం ముట్టడించినప్పుడు టెక్సాస్ తరఫున పోరాడి చనిపోయిన గ్రెగోరియో ఎస్పార్సా ఆ ఊళ్లోనే పుట్టిన తెహానో, అంటే మెక్సికన్ మూలాలున్న టెక్సాస్ వాడు. తోడబుట్టిన ఫ్రాన్సిస్కో మాత్రం మెక్సికో సైన్యం వైపు ఉన్నాడు, ఆయనే అనుమతి అడిగి గ్రెగోరియో శవాన్ని తెచ్చి పూడ్చిపెట్టాడు, టెక్సాస్ వైపు చనిపోయిన మిగతావాళ్ల శవాలను తగలబెట్టేశారు. గ్రెగోరియో భార్యాపిల్లలు ముట్టడి సమయంలో లోపలే ఉండి ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ల గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది.