వెనక్కి తిరగని ఆకుల చార్టు గారికి

మహారాజశ్రీ, ఏ పోషకం తక్కువైతే ఆకు ఎలా మారుతుందో బొమ్మలతో చెప్పే ఆకుల లోపాల గోడచార్టు గారి సముఖమునకు, అనంతపురం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం కాదు. తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. లామినేషన్ చేయించుకున్నవాళ్లకు ఏ తెగులూ రాదు.

ఈ మధ్యాహ్నం తమరి మాట జవదాటలేదని మనవి. మట్టి లేకుండా, గదిలో లైటు కింద, కొబ్బరిపీచు సంచిలో పెంచుతున్న చెర్రీ టమేటా ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు కనబడితే, ఒక ఆకు తుంచి తమరి పక్కన పెట్టి చూశాను. కింది వరుసలో బొమ్మ దొరికింది: మాంగనీసు లోపం. అదే పసుపు, అవే చుక్కలు. వేర్ల దగ్గర ఎరువు ఉప్పులు పేరుకుంటే ఇలాంటివి అందవని ఎక్కడో విన్నది గుర్తొచ్చింది. సరే, ఆ ఉప్పులు కడుగుదామని సంచిలో పలచటి ఎరువు ద్రావణం పోయడం, అడుగున కారిన గోధుమరంగు నీళ్లు మగ్గులో పట్టడం, నీళ్లలో ఉప్పులెన్నో చూపే ఈసీ మీటరు ముంచడం, అంకె దిగలేదని మళ్లీ పోయడం. అన్నం చల్లారిపోయింది. మా ఆవిడ పిలిచి పిలిచి మానుకుంది.

సాయంత్రం ఊదారంగు లైటు ఆపి, ఆకును వెనక్కి తిప్పి ఫోన్ టార్చి వేశాను. ఈనె పక్కన, కంటికి ఆనీ ఆననట్టు సన్నటి గూడు. తెల్లకాగితం మీద దులిపితే మిల్లీమీటరులో సగం కూడా లేని చుక్కలు రాలాయి. కాసేపటికి ఆ చుక్కలు నడవడం మొదలుపెట్టాయి. వేలితో రుద్దితే కాగితం మీద ఎర్రటి గీత పడింది.

నల్లి! మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చే నల్లి. వేడి, పొడిగాలి ఉంటే చాలు, పండగ చేసుకునే నల్లి. మే నెలలో అనంతపురం గది కంటే దానికి ఇంకేం కావాలి? మాంగనీసుకూ దీనికీ ఏంటయ్యా సంబంధం?

క్షమించాలి. మర్యాదగానే రాద్దామని కూర్చున్నాను.

నా మనవి ఒక్కటే. తమరి ఒంటినిండా ఆకులే. ఒక్క ఆకు, ఒక్కటంటే ఒక్క ఆకు వెనక్కి తిరిగి లేదు. అన్నీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ముఖం ఇటు పెట్టి కూర్చున్నాయి. నల్లి కూర్చునేది అడుగున. తెల్లదోమ గుడ్లు పెట్టేదీ అడుగునే. వేర్ల బొమ్మ అసలే లేదు. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, వేర్లు గోధుమరంగుకు తిరిగి జిగటబడతాయి, పైన ఆకు పసుపెక్కుతుంది. ఆ పసుపుకు తమరు పెట్టిన పేరు? నత్రజని లోపం.

అసలు తమరికి తెలిసిన మాట అదొక్కటే: లోపం. ఎక్కువైంది అన్న మాట తమరి నిఘంటువులో లేదు. ఎరువు గాఢత ఎక్కువై ఆకు అంచు మాడినా పొటాషియం లోపమే. లైటు మరీ దగ్గరై చిగురు తెల్లబోయినా ఇనుము లోపమే. స్పైడర్ ప్లాంటుకు బోరునీళ్లు పోస్తే కొనలు ఎండాయి, దానికీ పొటాషియమేనట. నీళ్లలోని ఫ్లోరైడ్ ఆ మొక్క ఆకు కొనల్లో చేరి మాడుస్తుంది. ఫ్లోరైడ్ గురించి అనంతపురం వాళ్లకు ఇంకొకరు చెప్పాలా స్వామీ? పళ్లు చూసి చెప్పేస్తారు.

లెట్యూస్ లోపలి ఆకుల అంచులు మాడితే కాల్షియం లోపం అన్నారు. ఒప్పుకుంటాను, ఆ ఆకులో కాల్షియం లేదు. ఎరువు నీళ్ల తొట్టిలో మాత్రం నిండుగా ఉంది! ఆకు నుంచి నీరు ఆవిరవుతూ ఉంటేనే దాని వెంట కాల్షియం పైకి పోతుంది. గాలి కదలని గదిలో, మడతల్లో దాక్కున్న ఆకుకు అది చేరదు. అక్కడ కావలసింది ఎరువు సీసా కాదు, ఒక చిన్న ఫ్యాను. ఫ్యాను బొమ్మ ఎందుకు వేయలేదో నాకు తెలుసు. తమరిని నాకు ఉచితంగా ఇచ్చింది సీసాలు అమ్మినాయన.

ఇనుము సంగతీ అంతే. మన బోరునీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. అందుకే 5.8 నుంచి 6.2 మధ్య ఉండాల్సిన పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) నేను చూడనప్పుడల్లా పైకి పాకుతుంది. 6.5 దాటిందంటే నీళ్లలో కరిగి ఉండేలా ఈడీటీఏ అనే రసాయనంతో కట్టిన మామూలు ఇనుము నిలవదు, తొట్టిలో ఉన్నా వేరుకు అందదు. రేషన్ షాపులో బియ్యం బస్తాలున్నా, మిషన్లో వేలిముద్ర పడకపోతే మనం ఖాళీ సంచితో రావాలి చూడండి, అదీ మొక్క వేరు పరిస్థితి. తమరేమో ఇంకో బస్తా దింపమంటారు.

కొబ్బరిపీచు అనే పదార్థం ఒకటుందని కూడా తమరికి కబురు అందినట్టు లేదు. దానికి పుట్టుకతోనే సోడియం, పొటాషియం పట్టుకొని ఉంటాయి. వాటిని వదిలి, మనం పోసిన కాల్షియం, మెగ్నీషియం లాక్కుంటుంది. అందుకే ముందే కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి కడగాలి. కొబ్బరిపీచు ఇటుక ప్యాకెట్ మీద ‘కడిగినది’ అని ఉంటుంది. ఎవరు కడిగారో, ఏ వానకు కడిగారో!

నీకంటే మా చిన్నాయన నయం. (ఇక తమరు, గారు నా వల్ల కాదు.) కళ్యాణదుర్గం దగ్గర శెనక్కాయ వేసే మనిషి. పుదీనా చిగుళ్లు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే చూసి, “ఇనుము అందలేదప్పా. సున్నం నేలలో మా శెనక్కాయకూ ఇంతే అవుతాది. లీటరుకు 5 గ్రాములు అన్నభేది (ఇనుము ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టు” అన్నాడు. అంతవరకు బాగుంది. తర్వాత సంచిలో వేలు పెట్టి “మట్టేదిరా?” అని, గంప పశువుల ఎరువు వేయమన్నాడు. పోతూ పోతూ, “కక్కలపల్లి మండీకి లారీలు లారీలు టమేటా వస్తాంటే, నువ్వు నాలుగు కాయలకు ఏసీ ఏసినావా?” అని కూడా అడిగాడు. ఆ ప్రశ్నకు నీ దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

నీలో పనికొచ్చే వాక్యం ఒక్కటుంది. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం లోపాలు ముందు ముదురాకుల్లో కనబడతాయి, ఎందుకంటే మొక్క వాటిని అక్కడి నుంచి తీసి చిగురుకు పంపగలదు. ఇనుము, కాల్షియం అలా కదలవు, కాబట్టి దెబ్బ చిగురు మీద పడుతుంది. ఇది తలమీద పెద్దక్షరాల్లో ఉండాల్సిన మాట. అడుగున చీమల అక్షరాల్లో వేశారు, దాని మీద డీలరు ఫోన్ నంబరు స్టిక్కరు అంటించారు!

పీకి పారేద్దామంటే నీ వెనక గోడ పెచ్చులూడి ఉంది, ఇంటి ఓనరు కంట పడకూడదు. కాబట్టి ఉండు. స్టిక్కరు మాత్రం గోరుతో గీకేశాను. నీ మేకుకే దారం కట్టి భూతద్దం వేలాడదీశాను.

ఇప్పుడు పోయి ఆకుల అడుగున సబ్బునీళ్లు కొట్టాలి. ఈ వేడికి వారం తిరక్కుండానే గుడ్డు నల్లి అవుతుంది, మళ్లీ మళ్లీ కొట్టాల్సిందే. నీ మీద చింది మరకలు పడితే తుడవను.

ఇట్లు,
ఇంకా అన్నం తినని ఒక అనంతపురం వాసి