ఎనిమిది రోజుల ప్రధానికీ విగ్రహం ఉంది

మన తెలుగు సంఘం మొన్నటి ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక సంఘం పూర్వాధ్యక్షులకు సన్మానం చేశారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి శాలువా కప్పారు. నిరుడు మధ్యలో దింపేసిన అధ్యక్షుణ్ణి మాత్రం పిలవలేదు. ఆయన భార్యాపిల్లలతో సహా మూడో వరసలోనే కూర్చుని ఉన్నారు. భోజనాల దగ్గర కార్యవర్గంలో ఒకరిని అడిగాను. "పూర్తికాలం చెయ్యలేదు కదండీ, ఆయన లెక్కలోకి రారు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఆయన్ని దింపడం తప్పని నేననను. జమాఖర్చులు చెప్పిన గడువుకు చూపించలేదు. హాలు మార్చే విషయం ఎవరితోనూ మాట్లాడకుండా తేల్చేశారు. కార్యవర్గం కోపంలో న్యాయం ఉంది. కానీ పదవి తీసేయడం వేరు, ఆ పదవిలో ఉన్న కాలాన్నే తుడిచేయడం వేరు. శనివారం తెలుగు బడికి గది సంపాదించింది ఆయనే. చదువుకోడానికి వచ్చిన మన కుర్రాడు ఇక్కడ చనిపోతే, శవం ఊరు చేరేదాకా కాగితాల వెంట తిరిగిందీ ఆయనే. ఆ పనులు ఎవరి లెక్కలో రాయాలి?

మనం పౌరసత్వం తీసుకున్న ఈ ఆస్ట్రేలియాలో నాయకుణ్ణి మధ్యలో దింపడం కొత్తేమీ కాదు. 2010లో కెవిన్ రడ్, 2013లో జూలియా గిలార్డ్, 2015లో టోనీ అబాట్, 2018లో మాల్కమ్ టర్న్‌బుల్. ఈ నలుగురు ప్రధానులనూ దింపింది ఓటర్లు కాదు, సొంత పార్టీ ఎంపీలే. గిలార్డ్ మన మెల్‌బోర్న్‌లో వెరిబీ, టార్నీట్ వైపు వాళ్ళకు స్థానిక ఎంపీగా కూడా తెలుసు. 2013 జూన్ 26న పార్టీ ఓటింగులో రడ్‌కి 57, ఆమెకు 45 వచ్చాయి. అంతే, పదవి పోయింది. కానీ అదే ఏడాది మార్చిలో ఆమె ప్రభుత్వం తెచ్చిన ఎన్డీఐఎస్ (వికలాంగులకు సాయం చేసే జాతీయ పథకం) చట్టం ఉంది. ఆ పథకం కింద ఇవాళ మనవాళ్ళు ఎంతోమంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అది గిలార్డ్ హయాంలో రాలేదని ఆమెను దింపినవాళ్ళు కూడా అనలేదు. కాన్‌బెరా పార్లమెంటు భవనంలో ఆమె చిత్రపటమూ ఉంది, ఆమెను దింపిన రడ్ చిత్రపటమూ ఉంది.

మా బాపు ఇక్కడికి వచ్చినప్పుడు పాతకాలపు బంగారు గనుల ప్రదర్శనశాల సావరిన్ హిల్ చూపిద్దామని బాలరాట్ తీసుకెళ్ళాను. హుజూరాబాద్ దగ్గర సోషల్ సారుగా చేసి రిటైరైన మనిషి. బంగారు గనుల మీద ఆయనకు పెద్దగా మనసు పోలేదు. బొటానికల్ గార్డెన్‌లో చెస్ట్‌నట్ చెట్ల దారి వెంట వరసగా ప్రధానుల కంచు విగ్రహాలు కనపడేసరికి మాత్రం నడక మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క దిమ్మె ముందు ఆగుతూ, పేరు పైకి చదువుతూ, పక్కన నన్ను నిలబెట్టి ప్రశ్నలు వేశారు. ఫ్రాంక్ ఫోర్డ్ దగ్గర ఆగి, "ఈయన ఎన్నేండ్లు చేసిండు బిడ్డా?" అన్నారు. ఫోన్లో చూసి చెప్పాను. 1945 జులైలో కర్టిన్ పదవిలో ఉండగానే చనిపోతే ఫోర్డ్ ప్రమాణం చేశాడు. ఎనిమిది రోజులకే పార్టీ ఓటింగులో చిఫ్లీ చేతిలో ఓడిపోయాడు. బాపు నమ్మలేదు. మళ్ళీ చూడమన్నారు. "ఎనిమిది దినాలకే గింత బొమ్మనా!" అని, ఇక మూణ్ణాళ్ళ ప్రధానులందరినీ వెతకడం మొదలుపెట్టారు. 1939లో ఎర్ల్ పేజ్, మూడు వారాలైనా నిండలేదు. 1967 డిసెంబరులో హెరాల్డ్ హోల్ట్ ఈతకు దిగి సముద్రంలో మాయమైతే, ఆ పదవిలోకి వచ్చిన జాన్ మెక్‌ఎవెన్ మూడు వారాల పైచిలుకు. అందరికీ ఒకే వరస. పద్దెనిమిదేళ్ళు ఏలిన మెంజీస్ కూడా ఆ వరసలోనే ఉన్నాడు.

కారెక్కాక బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పీవీ గురించి ఎత్తుకున్నారు. పీవీ ఊరు వంగర, బాపుకు పొరుగూరి కిందే లెక్క. మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వాన్ని 1991 నుంచి అయిదేళ్ళు నడిపిన మనిషి 2004 డిసెంబరులో పోతే, భౌతికకాయం ఢిల్లీలో సొంత పార్టీ ఆఫీసు గేటు బయటే ఆగిపోయింది. భారతరత్న ఇవ్వడానికి 2024 దాకా పట్టింది. ఆ గేటు ముచ్చట చెప్పేటప్పుడు బాపు గొంతు ఇప్పటికీ వణుకుతుంది. పూర్తికాలం చేసినవాడికే ఆ గతి పట్టించిన అలవాటు మనది. ప్రభుత్వం మారగానే పాత శిలాఫలకం మీద పేరు చెరిపేసే ఊళ్ళ నుంచే మనమంతా వచ్చాం. పచ్చళ్ళు, పంచాంగాలు తెచ్చుకున్నాం, సంతోషం. ఈ అలవాటును కూడా సూట్‌కేసులో పెట్టుకుని రావాలా?

ఇక్కడివాళ్ళకు కక్షలు లేవని కాదు. 1975 నవంబరు 11న రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్, ప్రధాని విట్లమ్‌ను తీసేసి ప్రతిపక్ష నాయకుడు ఫ్రేజర్‌ను కూర్చోబెట్టినప్పుడు దేశం రెండుగా చీలింది. ఆ ఇద్దరే 1999లో రాణి స్థానంలో దేశాధ్యక్షుడు ఉండే రిపబ్లిక్ కోసం ఒకే టీవీ ప్రకటనలో కనిపించారు. దింపుళ్ళు శ్రుతి మించాక పార్టీలు నియమాలూ మార్చుకున్నాయి. ప్రధానిని దింపే ఓటింగు కావాలంటే లేబర్ పార్టీ ఎంపీల్లో నూటికి 75 మంది సంతకం పెట్టాలని 2013లో రాసుకున్నారు. ఎన్నిక గెలిచిన ప్రధానిని తీయాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని లిబరల్స్ 2018లో నిర్ణయించారు.

మన సంఘం నియమావళిలో అలాంటి మాటే లేదు. నిరుడు ఆ పని వాట్సాప్ గ్రూపులో ఒక్క రాత్రిలో జరిగిపోయింది. దయచేసి రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెట్టనివ్వండి. అధ్యక్షుణ్ణి తొలగించాలంటే సభ్యులను పిలిచి, ఆయన చెప్పేది విని, మూడింట రెండొంతుల ఓటుతోనే చెయ్యాలని ఒకటి. ఎన్నికైన ప్రతి అధ్యక్షుడి పేరూ, ఎంతకాలం చేసినా సరే, సంఘం జాబితాలో ఉండాలని రెండోది. నిరుడు ఆయనకు వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళను ముందుగా అడుగుతున్నాను. మొదటి సంతకాలు మీవైతే ఆయన మళ్ళీ తలెత్తుకుని మన గడప తొక్కుతారు. కాగితం నా దగ్గరే ఉంది. శనివారం తెలుగు బడి వదిలే వేళకు అక్కడే ఉంటాను.