మహారాజశ్రీ 255 గారికి ప్లీడరు గుమాస్తా విన్నపం

మహారాజరాజశ్రీ ఫైలు పేరు పొడవు పరిమితి గారి సముఖానికి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఉభయుల్లో ఒకరికి మొన్న రెండో శనివారం నుంచి కుశలం లేదు. కోర్టుకు సెలవు కదా, ప్రశాంతంగా పని చేసుకుందామని మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగాక లేచాను. ఈ మధ్యలో జరిగిందంతా తమరి దయే.

మా ప్లీడరు గారు ఆఫీసును పేపర్‌లెస్ చేస్తానని పట్టుబట్టి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. అటక మీది కట్టలు దించాలి, దుమ్ము దులపాలి, స్కాన్ చేయాలి, పేరు పెట్టి ఎక్కించాలి. దుమ్ము దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత తెర మీద ఎర్ర అక్షరాలు: అప్‌లోడ్ ఫెయిలైంది, మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి. మా ఆఫీసులో అడ్మినిస్ట్రేటర్‌ను నేనే. సంప్రదించాను. ఆయనకీ ఏం తెలియదు.

నెట్ పోయిందేమోనని మోడెమ్ ఆపి మళ్ళీ వేశాను. పీడీఎఫ్ బరువెక్కిందేమోనని సైజు తగ్గించాను. బ్రౌజర్ మార్చాను. స్కానర్‌ను అనుమానించి దాని అద్దం తుడిచాను, పాపం. సాయంత్రానికి ఒక సంగతి కంటబడింది. అడంగల్ వెళ్తోంది, ఈసీ వెళ్తోంది, వీలునామా వెళ్తోంది. ఒత్తులున్న పెద్ద పేర్లే గుమ్మంలో ఆగిపోతున్నాయి.

ఆగిపోయిన వాటిలో ఒకటి చెబుతాను, పార్టీ పేర్లు మార్చి. ‘వారసత్వ ధ్రువీకరణ పత్రం శ్రీలక్ష్మి వెంకటేశ్వర్లు చిలకలూరిపేట 2019’. వేళ్ళ మీద లెక్కపెట్టండి, 26 అక్షరాలు, ఒక సంవత్సరం. విండోస్ ఉన్న నా కంప్యూటర్ దీన్ని కిక్కురుమనకుండా దాచుకుంది. ఫైళ్ళు చేరే అవతలి కంప్యూటర్, అదే సర్వర్, దానికి మాత్రం ఇది పొడుగట. హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడికి ఫోన్ చేశాను. “మామయ్యా, నీ విండోస్ లెక్క వేరు. సర్వర్‌లో విండోస్ బదులు ఉండేది లైనక్సు. అది అక్షరాలు చూడదు, బైట్లు చూస్తుంది. 255 బైట్లు దాటకూడదు” అన్నాడు.

బైట్లంటే ఏమిటో వాడు చెబుతుంటే పాత కాజ్ లిస్టు వెనక రాసుకున్నాను. బైటంటే కంప్యూటర్‌లో చోటుకు కొలత. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. గ్రీకుకు, రష్యన్‌కు, అరబ్బీకి రెండు. మనకు మూడు. మూడంటే అక్షరానికి మూడని సంతోషపడకండి. గుణింతం గుర్తుకు వేరే మూడు, ఒత్తు పెట్టాలంటే పొల్లుకు మూడు, ఒత్తుకు మూడు. సున్నాకి కూడా మూడే. శ్రీ అనే ఒక్క అక్షరం 12 బైట్లు. ఫోన్లో పంపుకునే నవ్వు బొమ్మకు నాలుగే. అంటే దరఖాస్తు పైన శ్రీ చుట్టిన ప్రతిసారీ మేం మూడు నవ్వు బొమ్మల ఖర్చు పెడుతున్నాం అన్నమాట. శ్రీలక్ష్మి మూడు అక్షరాలు, 33 బైట్లు. ఆవిడే ఇంగ్లీషులో పది అక్షరాలు, పది బైట్లు. పిల్లకు పేరు పెట్టేటప్పుడు జాతకం చూశారు గానీ బైట్లు చూడలేదు.

ఈ లెక్కకు యూటీఎఫ్-8 అని పేరు. 1992లో న్యూజెర్సీలో ఇద్దరు మహానుభావులు హోటల్లో భోజనానికి కూర్చుని, పళ్ళెం కింద పరిచే కాగితం మీద దీన్ని గీశారట. మంచి పనే చేశారు, అది లేకపోతే తెలుగు బదులు డబ్బాలు కనిపించేవేమో. కాకపోతే పంక్తి చివర కూర్చున్న వాళ్ళకు వడ్డన ఎలా ఉంటుందో మనకు తెలియనిదా.

సరే, 255 అన్నారు కదా, కూడాను. చుక్క, పీడీఎఫ్ కలిపి 182. ఇంకా 73 మిగులు! చట్టం నా వైపే ఉంది. ఆ ధైర్యంతో సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. పాట వినిపించి, పాట వినిపించి, చివరికి ఒక కుర్రాడు దొరికాడు. “సార్, మీ ఫోల్డర్‌కి సెక్యూరిటీ కోసం ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది సార్. అందులో 143 వరకే సార్.” పేరుకు కూడా తాళం వేస్తారట. తాళం వేస్తే పేరు ఉబ్బుతుందట. ఆ ఉబ్బుకు చోటు వదలగా మనకు మిగిలేవి 143.

143! మా కాలేజీ రోజుల్లో బెంచీల మీద బ్లేడుతో చెక్కుకున్న అంకె. ఐ లవ్యూ అని నోటితో చెప్పలేక అలా చెప్పేవాళ్ళం. ఇన్నేళ్ళకు ఒకరు నాకు ఆ మాట చెప్పారు, అదీ టోల్‌ఫ్రీ నంబర్ నుంచి.

182లోంచి 143 తీసేస్తే 39. వెంకటేశ్వర్లు ఖరీదు ఎంతో తెలుసా? సరిగ్గా 39 బైట్లు. తండ్రి పేరు కొట్టేస్తే, దాంతోపాటు ఒక ఖాళీ కూడా పోయి 142కు దిగింది, ఫైలు వెళ్ళింది. ఒక బైటు మిగిలింది కూడా. దాంట్లో తెలుగులో ఏదీ పట్టదు.

ఇక్కడితో మర్యాద అయిపోయింది. నువ్వు కొట్టేయించింది ఏమిటో నీకు తెలుసా? అది వారసత్వ పత్రం. అందులో ఉన్న విషయమే తండ్రి! మా దగ్గర శ్రీలక్ష్మి పేరుతో ముగ్గురు పార్టీలున్నారు, ఇద్దరిది చిలకలూరిపేటే. ఎవరి ఆస్తి ఎవరిదో రేపు నువ్వొచ్చి కోర్టులో చెబుతావా? పరిమితి ఉండొద్దని నేననలేదు. ఎంత ఉందో ముందే చెప్పు. ఎంత ఎక్కువైందో చెప్పు. 39 ఎక్కువైంది, తగ్గించుకో అంటే నీ సొమ్మేం పోయింది? అడ్మినిస్ట్రేటర్‌ను అడగమంటావా, ఆ అడ్మినిస్ట్రేటర్ నాలుగు గంటలు స్కానర్ తుడుస్తూ కూర్చున్నాడు!

నీ చుట్టాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సర్వే నంబర్ 118/2 అని రాస్తే గీత కుదరదన్నది ఒకటి. ఆ గీత లేకపోతే 118/2 కాస్తా 1182 అవుతుంది, ఊరి అవతల ఎవరిదో పొలం. ప్రశ్నార్థకం పెట్టకూడదన్నది ఇంకొకటి, మా కట్టల్లో ఉన్నవన్నీ అవే.

కోపంలో అన్నాను గానీ, మీ తాతగారిని నేనెరుగుదును. విండోస్ 95కు ముందు, డాస్ రోజుల్లో టైపు చేశాను. ఎనిమిది అక్షరాలు, చుక్క, ఇంకో మూడు. వీలునామా అయినా విడాకులైనా అంతే. పిసినారే, కానీ ఆ మాట బోర్డు కట్టి మరీ చెప్పేవాడు. తెలుగువాడికైనా తెల్లవాడికైనా అవే ఎనిమిది ఇంగ్లీషు ముక్కలు, మాకు వేరే ఆశలు ఉండేవి కావు. 1995లో విండోస్ 95 వచ్చి పొడుగు పేర్లు పెట్టుకోండి, 255 దాకా అన్నప్పుడు ఆ సాయంత్రం ఒక ఫైలుకు నా పూర్తి పేరు, మా నాన్న పేరు, ఊరి పేరు పెట్టి చూసుకున్నాను. ఇంగ్లీషులోనే. అయినా ఎంత బాగుందో.

ఇంగ్లీషులో పెడితే బెస్టు సార్ అని ఆ కుర్రాడు కూడా అన్నాడు. ఆదివారం అదీ చేసి చూశాను. సోమవారం పొద్దున ప్లీడరు గారు “ఏమయ్యా, శ్రీలక్ష్మిగారి పత్రం తియ్యి” అన్నారు. శ్రీకి ఒక ఈనా, రెండా, ఐ పెట్టానా? మధ్యలో హెచ్ ఉందా? లక్ష్మికి కేఎస్‌హెచ్ రాశానా, ఎక్స్ రాశానా? వెతుకుతుంటే ఆవిడ బల్లకు అవతల కూర్చుని నా ముఖమే చూస్తోంది. నాలుగో స్పెల్లింగ్‌కి దొరికింది, ఇంకో శ్రీలక్ష్మి.

ఆ సాయంత్రం బజారుకెళ్ళి అట్ట గట్టిగా ఉన్న లాంగ్ నోటుబుక్ కొన్నాను. ఇప్పుడు ఫైళ్ళ పేర్లు 001, 002, 003. చుక్క, పీడీఎఫ్ పోను తమరికి మూడు బైట్లే భారం. ఏ నంబరులో ఏ పత్రం ఉందో, ఎవరిదో, తండ్రెవరో, సర్వే నంబర్ బై ఎంతో, అన్నీ పుస్తకంలో రాస్తున్నాను. ప్లీడరు గారు చూసి, పేపర్‌లెస్ ఆఫీసుకి ఈ పుస్తకం ఏమిటయ్యా అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో భాగమేనండీ అన్నాను.

వెంకటేశ్వర్లు గారి పేరు 017 ఎదురుగా ఉంది. గీత సరిపోకపోతే కింది గీతలోకి దించి రాశాను.

ఇట్లు,
అడ్మినిస్ట్రేటర్