గుమ్మడికాయ మనసులో ఏముందో స్కాన్‌లో తేలింది

"మెదడు స్కాన్‌లో తేలింది" అనే మాటకు నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాను. ఈ కాలంలో ఇంత మహిమ గల మాట మరొకటి పుట్టలేదు. ఉత్త "పరిశోధనలో తేలింది" అంటే ఎవరి పరిశోధన, ఎంతమంది మీద చేశారు అని అడిగే పెంకిఘటాలు ఇంకా అక్కడక్కడా మిగిలున్నారు. ముందు "మెదడు స్కాన్" అని తగిలిస్తే వాళ్లూ నోరు మూసుకుంటారు. తల్లికి బిడ్డంటే ప్రేమని మెదడు స్కాన్‌లో తేలింది. ఆకలి మీద ఉన్నవాడికి తిండి బొమ్మ చూపిస్తే నోరూరుతుందని తేలింది. డబ్బు పోతే బాధేస్తుందని కూడా తేలింది. అంతవరకూ ఈ సంగతులు ఎవరికీ తెలియవు కదా పాపం.

పక్కనే బొమ్మ ఉంటుంది. మీరూ చూసే ఉంటారు. చుట్టూ నలుపు, మధ్యలో బూడిద రంగు మెదడు, అందులో ఓ మూల నిప్పంటుకున్నట్టు నారింజ రంగు మచ్చ. కింద ఒక వాక్యం: "ప్రేమలో ఉన్నవారి మెదడు ఇలా వెలుగుతుంది." వెలుగుతుందట! పుర్రె లోపల చిమ్మచీకటి. అక్కడ వెలిగేది ఏదీ లేదు. ఆ నారింజ రంగు ఎవరో పరిశోధకుడు సాఫ్ట్‌వేర్ మెనూలోంచి ఏరుకున్నది. ఆ రోజు ఆయనకు నీలం నచ్చి ఉంటే ప్రేమ నీలంగా ఉండేది. ఇంకో విశేషం, అడుగున ఉన్న బూడిద రంగు మెదడు కూడా చాలాసార్లు ఎవరిదీ కాదు. 152 మంది మెదళ్లు కలిపి సగటు తీసిన ప్రామాణిక నమూనా ఒకటుంది, మచ్చలన్నీ దాని మీద అద్దుతారు. అంటే, ఈ భూమ్మీద పుట్టని మనిషి తలలో వెలగని దీపాన్ని మనకు రంగుల్లో చూపిస్తున్నారన్నమాట. మనమేమో దాన్ని పొద్దున్నే చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తాం.

ఈ బొమ్మలు తీసే ఎంఆర్ఐ యంత్రాన్ని నేను పల్లెత్తు మాట అనను. దాని పని అది నిజాయితీగా చేసుకుపోతుంది. ఒంట్లో ఉన్న నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను బలమైన అయస్కాంతంతో ఒక దిక్కుకు కొద్దిగా మొగ్గేలా చేస్తుంది, రేడియో తరంగంతో వాటిని కదుపుతుంది, అవి తిరిగి సర్దుకుంటూ ఇచ్చే సంకేతాన్ని వింటుంది. ఆక్సిజన్ వదిలేసిన రక్తం చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని కాస్త చెదరగొడుతుంది, ఆక్సిజన్ నిండిన రక్తం ఆ పని చేయదు. ఈ తేడాతో మెదడు పనిని గమనించవచ్చని జపాన్ శాస్త్రవేత్త సెయిజి ఒగావా 1990లో ఎలుకల్లో చూపించాడు. 1992 నాటికి మనుషుల్లోనూ సాధించారు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి తాజా రక్తం ఎక్కువగా వస్తుంది, సంకేతం ఒకటి రెండు శాతం పెరుగుతుంది. అదీ అయిదారు సెకన్లు ఆలస్యంగా. ఆ అయిదారు సెకన్లలో లోపల పడుకున్న మనిషి కోపం తెచ్చుకుని, చల్లబడి, ముక్కు మీద దురద ఎలా గోక్కోవాలా అన్న టెన్షన్‌లో పడిపోతాడు. సరిగ్గా అప్పుడు స్కానర్‌కు కోపం అందుతుంది. పైగా బొమ్మలో మూడు మిల్లీమీటర్ల ఘనం ఒక్కటి తీసుకుంటే అందులో లక్షల న్యూరాన్లుంటాయి. ఆ లక్షల మంది ఏం మాట్లాడుకుంటున్నారో మనకు వినబడదు. ఆ వీధిలో కరెంటు ఖర్చు కాస్త పెరిగిందని మాత్రం తెలుస్తుంది. దాన్ని పట్టుకుని మన విలేఖరులు మూడో ఇంట్లో దంపతులు ఎందుకు పోట్లాడుకున్నారో రాసేస్తారు.

ఇది మామూలు యంత్రాల సంగతి. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఆస్పత్రుల్లో కనిపించే 3 టెస్లా అయస్కాంతమే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 60 వేల రెట్లు. దాని పైన 7 టెస్లా ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 10.5 ఉంది. టెస్లా పెరిగిందంటే సంకేతం బలపడుతుంది, బొమ్మలో ఇంకా సన్నటి వివరాలు కనిపిస్తాయి, అంతవరకూ నిజం. కానీ మనవాళ్ల లెక్క వేరు. 1.5 టెస్లాలో మూడ్ తెలుస్తుంది, 3లో ప్రేమ తెలుస్తుంది, 7లో ఎవరి మీదో తెలుస్తుంది, 10 దాటితే ఫోన్ నంబరు కూడా వచ్చేస్తుంది.

అందుకే నాకు పారిస్ దగ్గర సాక్లేలో ఉన్న అయస్కాంతమంటే ప్రత్యేకమైన గౌరవం. న్యూరోస్పిన్ అనే మెదడు స్కాన్ పరిశోధన కేంద్రంలో ఉంటుంది, పేరు ఇజో. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వ్యాసం, 132 టన్నుల బరువు. లోపల 182 కిలోమీటర్ల అతివాహక తీగ (బాగా చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పారనిచ్చేది), దాన్ని మైనస్ 271 డిగ్రీల దగ్గర ఉంచడానికి 7,500 లీటర్ల ద్రవ హీలియం, అందులో 1,500 ఆంపియర్ల కరెంటు. మొత్తం 11.7 టెస్లా. దాదాపు రెండు దశాబ్దాల శ్రమ. ఇంత మహాయంత్రం సిద్ధమయ్యాక, 2021లో, మొట్టమొదటి బొమ్మ కోసం లోపలికి ఎవరిని పంపారో తెలుసా? గుమ్మడికాయను.

నవ్వకండి, వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. గుమ్మడికాయను మించిన వలంటీరు ఈ రంగంలో ఇంతవరకూ దొరకలేదు. స్కాన్‌కు ముందు అడిగే ప్రశ్నలన్నీ దాన్ని అడిగారనుకుందాం. పేస్‌మేకర్ ఉందా? లేదు. తలలో క్లిప్పులు, ఒంట్లో ఇనుప రజను? లేవు. ఇరుకు చోటంటే భయమా? పుట్టిందే తొక్కలో. గర్భవతా? కడుపు నిండా గింజలు పెట్టుకుని ఏం చెబుతుంది, ఆ గడి ఖాళీగా వదిలేసింది. బల్ల మీద పడుకోబెట్టి లోపలికి నెట్టారు. మనిషైతే అక్కడ తల తిరుగుతుంది. చెవి లోపలి ద్రవంలో పారే సన్నని అయాన్ల ప్రవాహాన్ని బలమైన క్షేత్రం పక్కకు నెడుతుంది, దాంతో కదలకుండా పడుకున్నవాడికి కూడా తాను గిర్రున తిరుగుతున్నట్టనిపిస్తుంది. కొందరికి నోట్లో లోహం రుచి తగులుతుంది. గుమ్మడికాయకు చెవీ లేదు, నోరూ లేదు. సుత్తితో రేకు మీద బాదుతున్నట్టు యంత్రం మోగుతుంటే ఉలకలేదు, పలకలేదు. మధ్యలో దగ్గలేదు. తొడ గోక్కోలేదు. "ఇంకెంతసేపు బాబూ" అని బజర్ నొక్కలేదు.

వాళ్లకు చక్కటి బొమ్మ వచ్చింది. నాకున్న బాధల్లా ఒక్కటే, ఆ సమయానికి మన హెడ్‌లైన్ రాసే పెద్దమనిషి అక్కడ లేకపోయాడు. ఉండి ఉంటే మర్నాడు చూడాల్సింది. "గుమ్మడికాయ మనసులో అపార ప్రశాంతత: 11.7 టెస్లా స్కాన్‌లో వెల్లడి." ఉపశీర్షిక: "లోపల ఖాళీ, అయినా చెక్కుచెదరని నిబ్బరం." ఆదివారం అనుబంధంలో "గుమ్మడిలా ఆలోచించడానికి ఏడు సూత్రాలు". ఆ పక్క వారం ఎవరో న్యూరో లీడర్‌షిప్ కోచ్ టై కట్టుకుని వచ్చి, విజయవంతమైన మేనేజర్ల మెదడుకూ గుమ్మడికి ఉన్న పోలికలు స్లైడ్ల మీద చూపిస్తాడు. (ఆ పోలికల విషయంలో మాత్రం నేను ఆయనతో వాదించను.) ఎవరో లేచి "అయ్యా, అది కాయ కదా" అంటారు. కోచ్ చిరునవ్వు నవ్వి "మీ మెదడులోని అమిగ్డలా ప్రతిఘటిస్తోంది" అంటాడు. హాలంతా చప్పట్లు.

మరీ ఎక్కువ చెబుతున్నానా? అయితే చేప సంగతి వినండి, ఇది నిజంగా జరిగింది. అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ బృందం ఒక సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, "ఈ ఫొటోలో వ్యక్తి ఏ భావంతో ఉన్నాడు?" అని అడిగింది. చేప అప్పటికే చచ్చిపోయి ఉంది. ఆ విషయాన్ని వాళ్లు తమ నివేదికలో ఎంతో మర్యాదగా నమోదు చేశారు కూడా. ఫలితాల్లో చచ్చిన చేప మెదడులో చిన్న మచ్చ "వెలిగింది". పరలోకం నుంచి జాలి చూపించిందని కాదు. బొమ్మలో లక్ష గళ్లుంటే లక్ష పరీక్షలు చేసినట్టు. వెయ్యికి ఒకటి పొరపాటున గెలిచినా వంద గళ్లు ఊరికే వెలుగుతాయి. ఆ పొరపాటును సరిదిద్దే లెక్క ఒకటుంది, దాన్ని చేయకుండానే అప్పట్లో ఎందరో మెదడులో ప్రేమనూ భక్తినీ కనిపెట్టేస్తున్నారని చూపించడానికే ఈ తతంగం. సరిదిద్దే లెక్క వేయగానే చేప మళ్లీ చచ్చిపోయింది. 2009లో ఇది పోస్టర్‌గా బయటికొచ్చింది, 2012లో ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

దాంతో అందరికీ బుద్ధి వచ్చిందనుకున్నారా? 2011లో ఒక పెద్ద అమెరికన్ పత్రికలో, జనం తమ ఐఫోన్లను నిజంగానే ప్రేమిస్తున్నారని స్కాన్ సాక్ష్యంతో వ్యాసం వచ్చింది. మెదడులో ఇన్సులా అనే భాగం వెలిగిందట, అది ప్రేమకు గుర్తట. ఇన్సులా అసహ్యానికీ వెలుగుతుంది, నొప్పికీ వెలుగుతుంది, ఇలాంటి అధ్యయనాల్లో దాదాపు మూడో వంతులో వెలుగుతుంది. న్యూరోసైంటిస్టులు కలిసికట్టుగా నిరసన ఉత్తరం రాశారు. అది ఎంతమంది చదివారో గానీ, ప్రేమ వ్యాసం మాత్రం చాలామంది చదివారు. 2020లో ఒకే స్కాన్ సమాచారాన్ని 70 బృందాలకు ఇస్తే ఏ రెండు బృందాలూ ఒకే పద్ధతిలో విశ్లేషించలేదు, తీర్మానాలూ చాలాచోట్ల కలవలేదు. మనిషి స్వభావానికీ మెదడు బొమ్మకూ నమ్మదగిన సంబంధం చెప్పాలంటే వేలమంది కావాలని 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పటివరకూ మామూలు అధ్యయనంలో ఉండేది పాతిక మంది.

అబద్ధాలు పట్టే దుకాణాలు కూడా తెరిచారు. 2010లో టెన్నెసీలో ఒక మోసం కేసులో నిందితుడు తాను నిజాయితీపరుడినని నిరూపించడానికి స్కాన్ తీయించుకున్నాడు. మొదటి స్కాన్‌లో నిజమన్నది. రెండోదాంట్లో అబద్ధమన్నది. అలసిపోయి ఉంటాడని మూడోసారి తీస్తే మళ్లీ నిజమన్నది. స్కాన్ చేసిన నిపుణుడు కోర్టులో ఏమన్నాడంటే, మొత్తం మీద నిజమే చెబుతున్నాడు గానీ ఏ ప్రశ్నకు నిజం చెప్పాడో మాత్రం చెప్పలేనన్నాడు. కోర్టు ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చింది, 2012లో పై కోర్టూ అదే సరేనంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి పట్టుకునే పద్ధతి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. దానికి ద్రవ హీలియం అక్కర్లేదు, ఫలితం కూడా ఇంతకన్నా ఘోరంగా ఉండదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి నాకు నవ్వు రాదు.

ఫిట్స్ వచ్చేవాళ్లలో సుమారు మూడో వంతు మందికి మందులతో తగ్గవు. అలాంటి వాళ్లలో కొందరికి మెదడులో ఎక్కడో చిన్న లోపం ఉంటుంది. అది స్కాన్‌లో కనబడితే ఆపరేషన్‌కు దారి దొరుకుతుంది, బాగుపడే అవకాశం పెరుగుతుంది. కనబడకపోతే రిపోర్టులో "నార్మల్" అని వస్తుంది. ఆ ఒక్క మాటతో ఆ మనిషి బతుకు ఏమవుతుందో ఆలోచించండి. స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా, మరి ఈ పడిపోవడం ఏమిటి? నాటకం. మొండితనం. పని తప్పించుకోవడం. ఐఫోన్ మీద ప్రేమ స్కాన్‌లో తేలిందంటే నమ్మిన నోళ్లే, కళ్ల ముందు నురగలు కక్కుతూ పడిపోయిన అమ్మాయిని స్కాన్‌లో తేలలేదు గనక అబద్ధాలకోరు అంటాయి! కంటికి కనబడేది నమ్మరు, కంప్యూటర్ పూసిన రంగు నమ్ముతారు. సిగ్గుండాలి.

3 టెస్లాలో "నార్మల్" అన్న తలల్లో కొన్నింట్లో 7 టెస్లా ఆ లోపాన్ని పట్టుకుంటోంది. ఎంత కష్టపడితే పట్టుకుంటోందో తెలుసా? 7 టెస్లాలో రేడియో తరంగం పొడవు తల లోపల 12, 13 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఇంచుమించు తలంత. దాంతో తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బొమ్మ మధ్యలో మెరిసిపోతుంది, కణతల దగ్గర చీకటి కమ్ముతుంది. ఫిట్స్ తరచుగా మొదలయ్యేది ఆ కణతల వెనక భాగంలోనే. ఆ చీకటిని పోగొట్టడానికి, ఎనిమిది దారుల్లో తరంగాలు పంపి వాటిని ఒకదానితో ఒకటి సర్దడానికి, తల వేడెక్కకుండా చూడడానికి ఇంజినీర్లు ఏళ్ల తరబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. మొండెమైతే ఇంకా పెద్దది, ఇంకా కష్టం. రక్తం పారుతుంటేనే విద్యుత్తు పుట్టి ఇసీజీ గీత వంకరపోతుంది, గుండె ఏ క్షణంలో కొట్టుకుందో తెలుసుకోవడమే పెద్ద పని. అమెరికాలో 2017లో 7 టెస్లాకు వైద్య అనుమతి ఇచ్చినప్పుడు తలకూ చేతులకూ కాళ్లకే ఇచ్చారు, అదీ 30 కిలోల పైన ఉన్నవాళ్లకే. అంటే ఆ అనుమతిలో గుండె లేదు. చిన్నపిల్లలూ లేరు.

వీటి మీద హెడ్‌లైన్ ఎక్కడ? ఆ లోపం బొమ్మలో బూడిద రంగు మీద బూడిద రంగులా ఉంటుంది, అనుభవమున్న డాక్టర్ వేలు పెట్టి చూపిస్తే తప్ప కనబడదు. మంటల్లేవు, ప్రేమ లేదు. కాబట్టి వార్త కాదు. సాక్లే వాళ్లు 2024లో మనుషుల మెదళ్ల బొమ్మలు విడుదల చేశారు, సుమారు ఇరవై మంది ఆరోగ్యవంతులవి. నాలుగు నిమిషాల్లో 0.2 మిల్లీమీటర్ల వివరం. మానసిక వ్యాధికి మందుగా ఇచ్చే లిథియం మెదడులో ఎక్కడ చేరుతోందో చూడాలని వాళ్ల ఆశ. ఆ మందు మింగేవాళ్లకు అది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే అందులో ఎవరూ ఎవరినీ ప్రేమించలేదు.

ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో 14 టెస్లా యంత్రానికి పూనుకున్నారు. తీగను ఎలా చుట్టాలి, లోపల పడుకునే మనిషికి తల ఎంత తిరుగుతుంది, తరంగాన్ని ఎలా సర్దాలి అని అక్కడ లెక్కలు వేసుకుంటున్నారు. మన హెడ్‌లైన్ పెద్దమనిషికి ఆ లెక్కలతో పని లేదు. ఆయన వార్త ఎప్పుడో రాసి పెట్టుకున్నాడు, "తేలింది" దాకా వచ్చి ఆగాడు. ఏం తేలిందో నింపడానికి జాగా కూడా వదిలాడు.