లెమ్మీలో కమ్యూనిటీ ఖాళీగా కనబడితే వదిలెయ్యకండి
లెమ్మీ అంటే రెడ్డిట్ లాంటి చర్చా వేదిక, కాకపోతే ఒకదానితో ఒకటి కలిసిన వేర్వేరు సర్వర్ల మీద నడుస్తుంది, ఒక్కో విషయానికి ఉండే గ్రూపుని కమ్యూనిటీ అంటారు. ఏ సర్వర్లో అకౌంట్ తీసుకున్నా దాదాపు అన్ని కమ్యూనిటీలూ అందుతాయని అంటుంటారు, నిజమే గానీ కొత్తోళ్ళు ఆగిపోయేది ఇక్కడే అండి. మీ సర్వర్లో ఇంతవరకు ఎవరూ సబ్‌స్క్రైబ్ అవ్వని కమ్యూనిటీ అయితే సెర్చ్‌లో ఉత్త పేరు కొడితే ఏటీ రాదు, ముందు ఆశ్చర్యార్థకం (!), తర్వాత కమ్యూనిటీ పేరు, అట్ గుర్తు (@), సర్వర్ పేరు, ఇలా పూర్తి అడ్రస్ కొట్టాలి. అప్పుడు కూడా పాత పోస్టులు ఏవో కొన్నే వస్తాయి, కామెంట్లు ఉండవు, మా బొబ్బిలి కుర్రాళ్ళు అది చూసి ఇక్కడ ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయారు, చాలా బాధేసింది. సబ్‌స్క్రైబ్ కొట్టండి, అక్కణ్ణుంచి కొత్తవన్నీ వస్తాయి. ఒకే పేరుతో రెండు సర్వర్లలో కమ్యూనిటీలుంటే అవి రెండూ వేరు, మోడరేటర్లూ రూల్సూ కూడా వేరే. అడ్రస్ కరెక్టుగా కొట్టినా రాలేదంటే మీ సర్వర్ వాళ్ళు అవతల సర్వర్ని బ్లాక్ చేసుండొచ్చు, మీ సర్వర్ సైట్లో ఇన్‌స్టెన్సెస్ (అంటే సర్వర్లు) అనే పేజీలో బ్లాక్ చేసినవాటి లిస్టు చూసుకోండి.