ఆషాఢంలో వచ్చిన ముహూర్తం

తెలంగాణలో 2021 జులై 22 నుంచి ఇళ్ళూ స్థలాల రిజిస్ట్రేషన్ మీద స్టాంపు డ్యూటీ 4 శాతం నుంచి 5.5కి పెరిగింది. 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, అర శాతం రిజిస్ట్రేషన్ ఫీజు కలుపుకుంటే, నిన్నటి 6 శాతం కాస్తా 7.5. అంటే 60 లక్షల ఫ్లాటుకి రేటు తేడానే 90 వేలు. అదే రోజు ప్రభుత్వం లెక్కగట్టే మార్కెట్ విలువలూ పెరిగాయి, అది వేరే నొప్పి.

శ్రావణం వచ్చాక చూద్దాంలే అని కూర్చున్నవాళ్ళకి ఇలాంటి కబురు ముందే అందితే, నడి ఆషాఢంలో కూడా ముహూర్తం దివ్యంగా కుదురుతుంది. ‘కాగితం మీద ధర తగ్గిద్దామా’ అని ఒక బావమరిది సలహా ఇస్తాడు. పనికిరాదు. ఒప్పుకున్న ధర, మార్కెట్ విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే డ్యూటీ.

ఇక దస్తావేజు. తీరిక లేని రోజు లేఖరి కొత్తగా ఏమీ రాయడు. అదే అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాటుకి నిరుడు కొట్టిన ఫైలు తెరిచి పేర్లు, ఆధార్ నంబర్లు మారుస్తాడు. హద్దులు అలాగే ఉండిపోతాయి. ‘తూర్పు: ఓపెన్ టు స్కై. పడమర: కారిడార్.’ మన ఫ్లాటుకి సరిగ్గా ఇది తిరగబడాలి. ప్రతి పేజీ కింద సంతకాలు పడతాయి, ఇద్దరు సాక్షులూ గీకేస్తారు, పైన ఏముందో ఎవడూ చదవడు. అందరి కళ్ళూ సర్వర్ మీదే. అమ్మే పెద్దాయన బొటనవేలు మెషీన్‌కి ఆనదు. తుడిచి, ఊది, మళ్ళీ పెట్టిస్తారు.

ఈ సందట్లో మొత్తం ధరకీ చెక్కు రాసి ఆయన చేతిలో పెట్టేస్తారు. 50 లక్షలు, ఆపైన ధరకి 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాడి ఆదాయపు పన్ను కింద, కొనేవాడే పట్టుకుని కట్టాలి. ఇచ్చేసిన 60 వేలు వెనక్కి అడగడం పిల్లనిచ్చిన మామని అప్పు అడగడం కన్నా కష్టం. 90 వేల లాభంలో 30 వేలు మిగిలాయి.

ఆరు నెలలకి బ్యాంకు లాయరు హద్దులు చదువుతాడు. దస్తావేజు ప్రకారం అయిదో అంతస్తులో వీధి తలుపు తీస్తే గాల్లోకే. సవరణ దస్తావేజు కావాలి, అమ్మినాయన మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి. ఆయనేమో కొడుకు దగ్గర, అమెరికాలో.

“ఆరు నెలలుగా ఆ తలుపులోంచే తిరుగుతున్నారు కదండీ, ఎప్పుడన్నా పడ్డారా?” అంటాడు ఫోన్లో.